గోడలో స్పీకర్ల బిగింపు: ఇటుక ఇళ్లకు సరిపడే పూర్తి పద్ధతి

దక్షిణ ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు పాఠకులు పదేపదే అడిగేది ఒకటే: "హాల్లో పెట్టెలు కనపడకుండా స్పీకర్లు గోడలోనే పెట్టించుకోవాలి, ఏ కంపెనీవి కొనమంటారు?" కంపెనీ సంగతి తర్వాత. ముందు మీ గోడ సంగతి తేలాలి.

ఈ స్పీకర్లు బోలు గోడల కోసం తయారైనవి. అమెరికా ఇళ్లలో చెక్క చట్రానికి రెండు వైపులా జిప్సం బోర్డు కొడతారు. మధ్యలో మూడున్నర అంగుళాల ఖాళీ ఉంటుంది. ఇన్‌వాల్ స్పీకరుకు వెనక పెట్టె ఉండదు, ఆ ఖాళీయే దాని పెట్టె. మనవేమో నిండు ఇటుక గోడలు. కాబట్టి ఇక్కడ అసలు పనంతా ఆ ఖాళీని మనమే కొలత ప్రకారం కట్టుకోవడంలోనే ఉంది. అది సరిగ్గా కుదిరితే మామూలు ధర స్పీకరు కూడా బాగా పలుకుతుంది. కుదరకపోతే ఎంత ఖరీదైనది పెట్టినా డబ్బా మోతే.

1. గోడ పరీక్ష

మందం కొలవండి. తలుపు చట్రం దగ్గర స్కేలు పెడితే తెలిసిపోతుంది. ప్లాస్టరింగుతో కలిపి 9-10 అంగుళాలుంటే గూడు తవ్వే అవకాశం ఉంది. 5 అంగుళాల అడ్డగోడైతే తవ్వే ఆలోచన మానుకోండి. ఆ గోడలో నాలుగంగుళాలు తీస్తే వెనక మిగిలేది ప్లాస్టరింగు పొర మాత్రమే.

వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ గోడను కోయకండి:

- కాంక్రీటు స్తంభం, బీము, తలుపులు కిటికీల పైనుండే లింటల్
- స్తంభాలు లేకుండా స్లాబు బరువంతా గోడల మీదే మోస్తున్న ఇల్లు
- పాత సున్నపు గోడ, రాతి గోడ
- పొరుగింటితో ఉమ్మడి గోడ. బరంపురం పాత వీధుల్లో ఇళ్లు వరసగా ఆనుకుని ఉంటాయి. అక్కడ గోడ కోస్తే మీ సినిమా పక్కింటివాళ్లకీ వినపడుతుంది, తగవు అదనం.
- అవతలి వైపు బాత్రూము గానీ నీళ్ల పైపు గానీ ఉన్న గోడ

తర్వాత నెమ్ము చూడాలి. అడుగు చదరం పాలిథిన్ షీటును గోడకు ఆనించి నాలుగంచులూ టేపుతో గాలి దూరకుండా అంటించండి. రెండు రోజులాగి ఊడదీయండి. షీటు లోపలి వైపు నీటి బొట్లు ఉన్నా, గోడ రంగు ముదిరినా ఆ గోడలో నెమ్ము ఉన్నట్టే. ఈ పరీక్ష వానాకాలంలో చేస్తేనే నిజం బయటపడుతుంది, ఎండాకాలంలో ప్రతి గోడా పొడిగానే కనిపిస్తుంది.

బయటి గోడలతో ఇంకో చిక్కుంది. తుపాను వాన పైనుంచి కాదు, అడ్డంగా కొడుతుంది. 2013 ఫైలిన్, 2018 తిత్లీ చూసిన గంజాం, గజపతి జిల్లాల వాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. వాన నేరుగా తగిలే బయటి గోడలో సగం మందం తీసేస్తే, నీరు స్పీకరు దాకా రావడానికి మిగిలిన అడ్డు నాలుగంగుళాలే. టీవీ గోడ అదే అయితే గూడు వద్దు, దాని ముందు జిప్సం బోర్డుతో డమ్మీ గోడ కట్టండి.

2. గూడా, డమ్మీ గోడా?

మన దగ్గర రెండు దారులు. ఒకటి, గోడలో పాతకాలపు దీపం గూడులా ఒక గూడు తవ్వి అందులో ప్లైవుడ్ పెట్టె కూర్చోబెట్టడం. రెండు, టీవీ గోడ ముందు ఐదంగుళాల మందంతో జిప్సం బోర్డు గోడ నిలబెట్టడం.

కొత్తగా కడుతున్న ఇల్లయితే గూడు మంచిది. ఇటుక పని జరుగుతుండగానే మేస్త్రీకి కొలతలిస్తే కోతే ఉండదు. కట్టేసిన ఇంటికి మాత్రం మా ఓటు డమ్మీ గోడకే. గది ఐదంగుళాలు తగ్గుతుంది, అంతే. ఇటుక పగలదు, వైర్లన్నీ దాని వెనకే పోతాయి, నచ్చకపోతే తీసేయొచ్చు.

ముందున్న మూడు స్పీకర్లకు, అంటే ఎడమ, సెంటర్, కుడి వాటికి ఈ శ్రమ పడితే చాలు. వెనక సరౌండ్ స్పీకర్లు సాధారణంగా అడ్డగోడల మీదికి వస్తాయి. అక్కడ గోడకు తగిలించే సన్నటి స్పీకర్లు పెట్టేయండి. సబ్‌వూఫర్‌ను (బాగా లోతైన శబ్దాలకే ఉండే స్పీకరును) కూడా గోడలో ఇరికించకండి, మామూలు పెట్టె సబ్‌వూఫర్ నేల మీదే ఉండనివ్వండి.

3. స్థానాలు గుర్తించడం

కూర్చునే చోటి నుంచి మొదలుపెట్టాలి, టీవీ నుంచి కాదు.

చెవి ఎత్తు: సోఫాలో కూర్చుంటే నేల నుంచి 36-40 అంగుళాలు. ఎడమ, కుడి స్పీకర్ల ట్వీటరు, అంటే సన్నటి శబ్దాలు పలికే చిన్న భాగం, ఆ ఎత్తులో ఉండాలి. ఇంట్లో సగంమంది చాప మీద కూర్చునే అలవాటుంటే 36 దగ్గర ఆపండి.

ఎడమ, కుడి: కూర్చునే చోటి నుంచి చూస్తే మధ్యగీతకు 22 నుంచి 30 డిగ్రీల కోణంలో రావాలి. గోడకు 3 మీటర్ల దూరంలో కూర్చుంటే రెండు స్పీకర్ల మధ్య సుమారు 2.4 నుంచి 3.5 మీటర్లన్నమాట. గది మూలకు కనీసం రెండడుగులు వదలండి, మూలకు చేరితే బాస్ (లోతైన, బరువైన శబ్దం) ఉబ్బిపోతుంది.

సెంటర్: టీవీకి సరిగ్గా కింద, వీలైనంత దగ్గరగా. ట్వీటరు చెవి ఎత్తు కంటే బాగా కిందికి వస్తే, ట్వీటరును పైకి తిప్పుకోగలిగే మోడల్ తీసుకోండి.

సరౌండ్: 5.1కి (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) రెండు పక్కలా, మధ్యగీతకు 90-110 డిగ్రీల మధ్య, చెవికి ఒకటి రెండు అడుగులు పైన.

ఇవన్నీ కాగితం మీద కాదు, గోడ మీదే పెన్సిల్‌తో అసలు సైజులో గీయండి. మేస్త్రీ మాట్లాడేది ఒడియా, ఎలక్ట్రీషియన్ తెలుగు, ఇంటాయన రెండూ కలిపి. గోడ మీది గీత మాత్రం అందరికీ ఒక్కలాగే అర్థమవుతుంది. అట్టముక్కను స్పీకరు సైజులో కత్తిరించి రెండు రోజులు గోడకు అంటించి ఉంచితే తలుపు తగలడం, కర్టెన్ అడ్డురావడం లాంటివి ముందే బయటపడతాయి.

4. స్పీకరు ఎంపిక

స్థలం తేలింది కాబట్టి ఇప్పుడు దుకాణానికి వెళ్లొచ్చు. స్పెసిఫికేషన్ కాగితంలో చూడాల్సినవి:

- లోతు: గూడులో పెట్టేదైతే 95 మి.మీ. మించకూడదు
- వెనక కావాల్సిన గాలి పరిమాణం, లీటర్లలో. చాలామంది అడగనిది ఇదే, ముఖ్యమైనదీ ఇదే.
- వూఫరు (లోతైన శబ్దాలు పలికే పెద్ద భాగం): మామూలు హాలుకు 6.5 అంగుళాలు చాలు
- ఇంపిడెన్స్ (ఆంప్లిఫయరు కరెంటుకు స్పీకరు చూపే అడ్డు): 8 ఓములు, లేదా 6. 4 ఓములదైతే మీ ఆంప్లిఫయరు దాన్ని మోస్తుందని మాన్యువల్లో రాసి ఉండాలి
- సెన్సిటివిటీ (ఒక వాటుకు మీటరు దూరంలో వచ్చే శబ్దం): 87 డెసిబెల్స్, ఆ పైన
- కోను (ముందు కదిలే గరాటు లాంటి భాగం) చుట్టూ రబ్బరు అంచు. ఫోము అంచు మన తేమకు కొన్నేళ్లలో పొడి రాలుతుంది
- కోను పాలీప్రొపిలీన్‌ది గానీ గ్లాస్ ఫైబర్‌ది గానీ అయితే తేమ భయం తక్కువ
- ముందు మూడూ ఒకే కంపెనీ, ఒకే సిరీస్. లేదంటే కారు తెర మీద ఎడమ నుంచి కుడికి పోతుంటే మధ్యలో దాని గొంతు మారిపోతుంది.

వాట్ల గురించి ఎక్కువ ఆలోచించొద్దు. 88 డెసిబెల్స్ స్పీకరుకు 50 వాట్లిస్తే 3 మీటర్ల దూరంలో ఒక్కదాని నుంచే సుమారు 95 డెసిబెల్స్ వస్తాయి. ఇంట్లో అంత మోత ఎవరూ ఎక్కువసేపు వినలేరు.

గాలి పరిమాణం లెక్క ఇదీ. పెట్టె లోపలి కొలతలను సెంటీమీటర్లలో గుణించి 1000తో భాగిస్తే లీటర్లు. 30 వెడల్పు, 90 ఎత్తు, 10 లోతు అయితే 27 లీటర్లు. కంపెనీ చెప్పిన కనీసానికి తగ్గితే బాస్ లోతుకు పోకుండా 100 హెర్ట్జ్ దగ్గర ఉబ్బుతుంది, మగగొంతులు గొట్టంలోంచి మాట్లాడినట్టుంటాయి. లోతు పెంచలేం గనక ఎత్తు పెంచాలి. మూడడుగుల గూడంటే మేస్త్రీ వింతగా చూస్తాడు, వెనక్కి తగ్గొద్దు. ఎడమ, కుడి పెట్టెలు రెండూ లీటరు తేడా లేకుండా ఒకేలా ఉండాలి.

5. వైరింగ్

కేబుల్ మందం నిర్ణయించే సూత్రం: రానుపోను తీగ నిరోధం స్పీకరు ఇంపిడెన్స్‌లో 5 శాతం దాటకూడదు. ఆ లెక్కన 8 ఓముల స్పీకరుకు 1.5 చదరపు మి.మీ. రాగి కేబుల్ 15 మీటర్ల దాకా, 2.5 చదరపు మి.మీ. అయితే 25 మీటర్ల దాకా సరిపోతుంది. 4 ఓములకు ఆ దూరాలు సగం. గోడలో పూడ్చేది మళ్లీ మార్చలేం కాబట్టి అన్నిటికీ 2.5 వాడేయడం తెలివైన పని.

12×16 అడుగుల హాలుకు ముందు మూడింటికి 18 మీటర్లు, సరౌండ్ రెండింటికి 26 మీటర్లు అనుకుంటే, ఆరేడు మీటర్లు మిగులు కలిపి 50 మీటర్ల టూ-కోర్ కేబుల్ కావాలి.

కొనేటప్పుడు తీగను బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా మెరిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. నిరోధం ఎక్కువ, సముద్రం గాలికి త్వరగా పాడవుతుంది. గోపాలపురం, ఛత్రపురం వైపు ఇళ్లకు తగరం పూత ఉన్న రాగి కేబుల్ దొరికితే ఇంకా మంచిది, చిలుము పట్టదు.

- 25 మి.మీ. పీవీసీ పైపులో రెండు కేబుళ్లకు మించి వేయొద్దు
- కరెంటు వైర్లున్న పైపులో స్పీకరు కేబుల్ ఎప్పుడూ వేయకూడదు
- పక్కపక్కనే పోవాల్సి వస్తే రెండు పైపుల మధ్య అడుగు దూరం. దాటాల్సి వస్తే అడ్డంగా, 90 డిగ్రీలలో
- మలుపుల దగ్గర పదునైన ఎల్బో కాదు, గుండ్రటి బెండు
- స్పీకరు చివర అడుగున్నర కేబుల్ మిగులు
- రెండు చివర్లా పేరు రాసిన చీటీ. సిరా చెమ్మకు చెరిగిపోతుంది, మీద సెల్లోటేపు వేయండి
- ప్లాస్టరింగుకు ముందే మల్టీమీటరుతో ప్రతి కేబులూ తెగిందా, లోపల కలిసిపోయిందా అని చూడండి

6. గూడు తవ్వడం

కావాల్సినవి: డైమండ్ బ్లేడు కట్టరు, సన్న ఉలి, సుత్తి, రసమట్టం, 50×50×6 మి.మీ. ఇనుప యాంగిల్, 12 మి.మీ. ఐఎస్ 710 (తడికి తట్టుకునే మెరైన్ రకం) ప్లైవుడ్, చెదల మందు, సిలికాన్, పీయూ ఫోము (ఉబ్బి గట్టిపడే నురగ), కళ్లద్దాలు, మాస్కు.

లోపల 30×90×10 సెం.మీ. పెట్టెకు గూడు 34 వెడల్పు, 94 ఎత్తు, 12.5-13 లోతు ఉండాలి.

మొదట మెయిన్ బోర్డులో ఎంసీబీ (కరెంటు ఆపే స్విచ్) ఆపండి. స్విచ్ బోర్డు నుంచి నిట్టనిలువుగా పైకీ కిందికీ ఉండే దారిలో కరెంటు పైపు ఉంటుందనే లెక్కతోనే గీత గీయాలి.

తొందరపడి మొత్తం ఒకేసారి పగలగొట్టకండి. ముందు పైఅంచు దగ్గర మాత్రం 64 సెం.మీ. పొడవున ఇరుకు గాడి కోసి, రెడాక్సైడ్ పూసిన యాంగిల్‌ను సిమెంటు మాలుతో బిగించండి. రెండు పక్కలా 15 సెం.మీ. చొప్పున ఇటుకలో ఆనాలి. మూడు రోజులు ఆరాక కింద తవ్వండి. ఈ వరస తప్పితే పై ఇటుకలు ఒక్కొక్కటే జారి, ఏడాదిలోగా ప్లాస్టరింగులో మెట్లు మెట్లుగా పగులు కనపడుతుంది.

నాలుగంచులూ కట్టరుతో కోసి, లోపలి ఇటుకను ఉలితో పెళ్లలుగా తీయండి. పెద్ద సుత్తి, డెమాలిషన్ మెషీన్ వద్దు, అవతలి వైపు పెచ్చులూడతాయి. తవ్వాక లోపల సన్నగా సిమెంటు పూసి, ఆరనిచ్చి, వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేయండి. సిమెంటు పూర్తిగా ఆరడానికి మూడు వారాలైనా ఆగాలి. ఇక్కడ తొందరపడితే ఆ తడంతా ప్లైవుడ్ తాగుతుంది.

పెట్టెకు ఎండీఎఫ్ వాడకండి. పొడి ఊళ్లలో అది మంచిదే, మన వానాకాలంలో అంచులు బూరెల్లా ఉబ్బుతాయి. ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్‌కు బయటి వైపు, కోసిన అంచులకు రెండు పూతలు చెదల మందు, దాని మీద ప్రైమర్. జాయింట్లకు జిగురు, లోపలి మూలలకు సిలికాన్. కేబుల్ దూరే రంధ్రం కూడా మూసేయాలి, లేదంటే గాలి అక్కడ్నుంచి ఈల వేస్తుంది.

పెట్టెను గూట్లో పెట్టి, రసమట్టం చూసి, వెనక పలక గుండా నాలుగు ఫాస్టనర్లు కొట్టండి. చుట్టూ ఉన్న సందులో పీయూ ఫోము నింపేటప్పుడు పెట్టె లోపల అడ్డకర్రలు పెట్టడం మరవొద్దు. ఫోము ఉబ్బి పక్క పలకల్ని లోపలికి నెడుతుంది.

ముందు పలకను గోడకు బిగించాక కోయడం కష్టం. కంపెనీ ఇచ్చిన టెంప్లేటు ప్రకారం కింద బల్ల మీదే జిగ్‌సాతో కోసి, స్పీకరు సరిపోయిందో చూసి, అప్పుడు బిగించండి. ప్లైవుడ్, ప్లాస్టరింగు కలిసే చోట పుట్టీ ఎంత పెట్టినా సన్న పగులు వస్తుంది. చుట్టూ సన్న చెక్క బీడింగ్ కొట్టేస్తే ఆ గొడవ ఉండదు.

7. డమ్మీ గోడ కట్టడం

92 లేదా 100 మి.మీ. జీఐ స్టడ్లు (జింకు పూత ఉన్న ఇనుప నిలువు కమ్ములు), 12.5 మి.మీ. జిప్సం బోర్డు. స్టడ్ల మధ్య రెండడుగులు పెట్టడం పనివాళ్ల అలవాటు, మీరు 16 అంగుళాలు అడగండి. స్పీకర్లు వచ్చే వైపు బోర్డు రెండు పొరలు. స్టడ్డుకూ పాత గోడకూ మధ్య రబ్బరు పట్టీ.

బోర్డును నేలకు అరంగుళం పైన ఆపి, ఆ సందును స్కర్టింగ్ టైలుతో మూయండి. నేలకు ఆనిస్తే ఇల్లు తుడిచిన నీళ్లు రోజూ పీల్చుకుని కింది అడుగు భాగం బూజు పడుతుంది.

స్పీకరు వెనక ఇక్కడా ప్లైవుడ్ పెట్టె కావాలి. బోలు గోడే కదా అని వదిలేస్తే, ఒక స్పీకరు బాస్‌కు గోడంతా డప్పులా అదురుతుంది. పెట్టె కొలతలు, జాగ్రత్తలు పైన చెప్పినవే.

8. స్పీకరు బిగింపు

ముందుగా 1.5 వోల్టుల పెన్సిల్ బ్యాటరీతో పోలారిటీ, అంటే ప్లస్, మైనస్ సరిగ్గా కలిశాయా లేదా చూడండి. ఆంప్లిఫయరు వైపు కేబుల్ ఊడదీసి, ప్లస్ తీగను బ్యాటరీ ప్లస్‌కు, మైనస్ తీగను మైనస్‌కు ఒక్క క్షణం తాకించండి. వూఫరు కోను ముందుకు కదలాలి. లోపలికి పోతే ఎక్కడో తీగలు తారుమారయ్యాయి. ఒకరు కేబుల్ దగ్గర, ఒకరు స్పీకరు దగ్గర ఉంటే పది నిమిషాల పని.

మల్టీమీటరు పెడితే 8 ఓముల స్పీకరు 5.5 నుంచి 7 ఓముల మధ్య చూపిస్తుంది. సున్నా వస్తే ఎక్కడో కలిసింది, అంకె రాకపోతే ఎక్కడో తెగింది.

పెట్టెలో పాలిస్టర్ దూదిని వదులుగా నింపండి, కూరొద్దు. గ్లాస్‌వూల్ చెమ్మ పడుతుంది, చేతులు దురద. ఫ్రేము వెనక సన్న ఫోము టేపు చుట్టి స్పీకరును లోపలికి పెట్టండి.

మరలు తిప్పితే వెనక ప్లాస్టిక్ చెవులు అడ్డంగా తిరిగి పలకను పట్టుకుంటాయి. ఆ చెవులు డ్రిల్ మెషీన్ ధాటికి విరుగుతాయి, చేతి స్క్రూడ్రైవరే వాడండి. ఒకటి బిగించాక దానికి ఎదురు మూలది, కొంచెం కొంచెంగా.

9. ఆంప్లిఫయరు సెట్టింగు

స్పీకర్లన్నిటినీ "స్మాల్"గా, క్రాసోవర్ (ఎక్కడి నుంచి కిందిది సబ్‌వూఫరుకు పోవాలో చెప్పే హద్దు) 80 హెర్ట్జ్‌గా పెట్టండి. వూఫరు పెద్దదే కదా అని "లార్జ్" పెట్టడం మామూలుగా జరిగే తప్పు. కింది బాస్ సబ్‌వూఫరుకు వదిలేస్తే గోడ అదురు సగం తగ్గుతుంది.

ఆటోమేటిక్ సెటప్ ఉంటే మైకును స్టాండు మీద, చెవి ఎత్తులో పెట్టాలి. సోఫా వీపు మీద కాదు. ఫ్యాన్లు, ఏసీ ఆపేయండి. అది పూర్తయ్యాక క్రాసోవర్ మారిందేమో మళ్లీ చూసుకోండి.

10. చిక్కులు, సవరణలు

బాస్ పలచగా ఉండి, మాట మధ్యలోంచి కాకుండా గదంతా తేలుతుంటే: ఒక స్పీకరు పోలారిటీ తిరగబడింది. బ్యాటరీ పరీక్ష మళ్లీ.

ఒక స్వరం దగ్గరే గరగర: ఫోన్లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి 30 నుంచి 200 హెర్ట్జ్ దాకా మెల్లగా పెంచండి. గరగర వచ్చిన చోట ఆపి, గ్రిల్, బీడింగ్, టీవీ బ్రాకెట్, స్విచ్ బోర్డు ఒక్కొక్కటే చేత్తో నొక్కండి. ఆగిన చోటే దోషం. చాలాసార్లు అది స్పీకరు కాదు, పక్కనున్న ఫొటో ఫ్రేము.

మగగొంతు డబ్బాలోంచి వస్తుంటే: పెట్టె చిన్నది. దూది కొంచెం పెంచండి, క్రాసోవర్ 100కు పెంచండి. అప్పటికీ పోకపోతే పెట్టె ఎత్తు పెంచక తప్పదు.

ఎప్పుడూ ఒకే గుంయ్‌మనే శబ్దం: కేబుల్ టీవీ తీగ ఊడదీసి చూడండి. ఆగిపోతే ఎర్తింగ్ తేడా, ఆ తీగ దారిలో గ్రౌండ్ ఐసొలేటరు పెట్టాలి.

శబ్దం పెంచగానే ఆంప్లిఫయరు ఆగిపోతుంటే: టెర్మినల్ దగ్గర తీగ పోగొకటి పక్కదానికి తాకుతోంది, లేదా ఒకే అవుట్‌పుట్‌కు రెండు స్పీకర్లు కలిపారు. రెండు 8 ఓములు పక్కపక్కన కలిపితే 4 ఓములే మిగులుతుంది.

11. రంగు, వాన, పిడుగు

గ్రిల్‌కు గోడ రంగు వేయాలంటే లోపలి గుడ్డ తీసేసి, స్ప్రేతో పలచగా రెండు మూడు పూతలు. బ్రష్ పెడితే రంధ్రాలు పూడుకుపోతాయి. గోడకు పెయింటు వేసే రోజు స్పీకరు ముఖానికి, స్పీకరుతో వచ్చిన అట్ట కవరు పెట్టండి.

పిడుగుల కాలంలో స్పీకర్లకంటే ఆంప్లిఫయరుకే ప్రమాదం. మెయిన్ బోర్డులో సర్జ్ ప్రొటెక్టర్ ఉన్నా సరే, ఉరుములు మొదలవకముందే ప్లగ్గుతో పాటు డిష్ తీగ కూడా తీయాలి. పిడుగు దెబ్బ ఆ తీగ దారిన కూడా వస్తుంది.

ఏటా దసరా వెళ్లాక ఒక స్పీకరు ఊడదీసి లోపల చెయ్యి పెట్టి చూడండి. దూది చెమ్మగా ఉందా, ప్లైవుడ్ అంచున మట్టి గీతలా చెదల దారి ఉందా, తీగ కొసలకు పచ్చటి చిలుము పట్టిందా. చిలుము పట్టిన కొసను అంగుళం కత్తిరించి కొత్తగా బిగించాలి. ముందు వదిలిన అడుగున్నర మిగులు ఇందుకే.

ప్లాస్టరింగుకు ముందు గోడకు టేపు ఆనించి, పైపుల దారులు కొలతలతో కనపడేలా ఫొటోలు తీసి ఇంటి కాగితాలతో పాటు దాచండి. రేపు ఎవరో క్యాలెండరుకు మేకు కొట్టేముందు వాటిని చూడాలి.